కమ్మీల్లో పట్టని పొట్లం

మా ఇంటి బీగంచెవి ఎప్పుడూ నా రొండినే ఉంటుంది. వీధి వైపు కమ్మీల తలుపుకు వేసిన బీగానిది అది. దొంగల కోసం కాదు, అక్క కోసం.

అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. మొగవాళ్ళిద్దరూ పోయినాక చిత్తూరులో ఈ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. ఆమెకు మతి తప్పి కొన్నేళ్ళయింది. పొద్దున నన్ను చెల్లెలంటుంది, సాయంత్రం అద్దెకున్న మనిషంటుంది. అన్నీ మరిచింది గానీ బస్సు బోర్డులు చదవడం మరవలేదు. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే. బస్టాండులో కూర్చోబెట్టి, వచ్చిన బస్సునల్లా చూపించి చదివించేది. పలమనేరు, పాకాల. పకారం ఒకటే, దీర్ఘం చూసుకో అనేది.

పలమనేరు ఆమె పుట్టిల్లు. తలుపు తెరిచి ఉంటే బస్సు కోసమే పోతుంది. ఇదివరకైతే చేతిలో డబ్బు లేదని కండక్టరు దించేసేవాడు. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కార్డు చూపించాలంటారు గానీ, కిక్కిరిసిన బస్సులో ముసలమ్మను నిలదీసి అడిగేదెవరు? ఎక్కిందంటే పోయినట్టే. పలమనేరులో ఆమెను ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. నాకు వేరే భయాలు లేవు. ఉన్నదంతా ఈ ఒక్కటే.

ఆమెకు ఇప్పుడు పెద్దవాళ్ళ డైపర్లు వేయాలి. రాయడానికి నాకు సిగ్గు లేదు, అంగట్లో నిలబడి అడగడానికే సిగ్గు. మందుల అంగడాయన మా ఎదురింటివాడు. ఎవరికమ్మా అని వీధికంతా వినబడేటట్టు అడుగుతాడు. అందుకని బజారు అవతలి అంగడికి పోయేదాన్ని. నేను బీగం వేసి పోతే, వచ్చేదాకా అక్క కమ్మీలు పట్టుకుని ఏడుస్తూ ఉండేదట. తిరుపతిలో ఉన్న నా కూతురు ఆ సంగతి విని, ఒక ఆదివారం వచ్చి నా ఫోన్లో ఏదో పెట్టింది. ఈ రోజు అడిగితే రేపటికి ఇంటికే తెచ్చిస్తారంది.

"ఎవుడో మొగోడికి నా ఇల్లు యాడుండాదో నేనే రాసియ్యాల్నా?" అన్నాను.

"నీ ఇంటితో ఆయప్పకేం పనిమా. పొట్లం ఇచ్చి పోతాడు."

"ఇద్దరు ముసిలోళ్ళే ఉండారని తెలిసిపోతాది కదా."

"తెలిస్తే ఏం? నీ నోరిని ఒకసారి ఇన్నాడంటే మళ్ళీ ఈ వీధికే రాడు."

చేసేది లేక ఒప్పుకున్నాను. ఒక్కో అక్షరం వెతికి నొక్కి మా ఇంటి గుర్తులు రాశాను. మరునాడు తెల్లవారినప్పటి నుంచి వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి పోయి కమ్మీల్లోంచి చూశాను. ఫోన్లో ఒక బొమ్మ బండి కనబడింది. అది రోడ్డు దిగి, మా వీధి తిరిగి, మా ఇంటి మీదికే పాకుతూ వచ్చింది. లోపలికి వచ్చేవాడి గురించే భయపడుతూ కూర్చున్నాను, బయటికి పోయే మనిషిని మరిచాను.

వచ్చినాయన నడివయసువాడు. మీసాలు నెరిశాయి. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. పొట్లాన్ని కమ్మీల మధ్య దూర్చబోయాడు. అది దూరలేదు.

"పట్టదు పెద్దమ్మా, తలుపు తియ్యి."

"అడ్డంగా తిప్పి సూడు."

"యెట్ల తిప్పినా అంతే. నేనేమన్నా తింటానా నిన్ను?"

"లోపలేముండాదో నీకు తెలుసునా?"

"మాకు తెలీదు పెద్దమ్మా. మోసేదే మా పని."

ఆ మాటతో నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. వెనక్కి తిరిగి చూశాను. అక్క చాప మీద నిద్రపోతోంది. బీగం తీసి పొట్లం అందుకున్నాను. ఫోన్లో వచ్చిన నంబరు చెప్పమన్నాడు, వేలు పెట్టి చదివి చెప్పాను. ఆయన చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. వాకిట్లోకి వచ్చిన మనిషిని దాహం ఇవ్వకుండా పంపడం మా అత్తగారింట్లో లేదు. వంటింట్లోకి పోయి మజ్జిగలో ఉప్పు కలిపి తెచ్చాను. ఆయన వీధి అవతల నీడలో నిలబడి, ఇటు వీపు పెట్టి బండి సంచీ సర్దుకుంటున్నాడు. పోయి ఇచ్చాను. తాగాడు. గ్లాసు తీసుకుని వచ్చి, తలుపు మూసి, బీగం వేసి, చెవి రొండిన దోపుకున్నాను. బీగం పడిందో లేదో రెండుసార్లు గుంజి కూడా చూశాను.

చాప మీద అక్క లేదు.

రెండు గదులు ఎంతసేపు వెతకాలి? వంటిల్లు చూశాను, స్నానాల గది చూశాను, మంచం కింద కూడా చూశాను. అరుస్తూ తలుపు దగ్గరికి వచ్చాను. చెవిని రెండు మూడుసార్లు తిప్పితే గానీ బీగం రాలేదు. ఆయన బండి మీదికి ఎక్కబోతున్నవాడు ఆగాడు.

"ఇందాక ఒకామె పోయింది పెద్దమ్మా. పక్కింటామేమో అనుకుంటి."

"యా పక్కకు?"

"రోడ్డు పక్కకు. ఎక్కు."

బతుకులో పరాయి మొగవాడి బండెక్కి ఎరగను. ఎక్కాను.

"ఆ సంచీని వాటేసుకో. ఊరోళ్ళ సామాన్లు ఉండాయి దాంట్లో, పడితే నా పని పోతాది."

సంచీని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి మామిడికాయల ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీ దాకా బారులు తీరి ఉన్నాయి. మగ్గిన కాయల వాసన. వాటి అవతల ఒక బస్సు కదిలింది. బోర్డు చదివాను. ప, ల, మ. నే అనే అక్షరం దాకా పోకముందే కళ్ళు మసకబారాయి. ఆమె నేర్పిన అక్షరాలే. ఆమె అందులోనే ఉందని నా మనసుకు తేలిపోయింది. అట్ల పో, దాన్ని ఆపు అని ఆయన వీపు మీద కొట్టాను. ట్రాక్టర్ల మధ్య బండి దూరే సందు లేదు. బస్సు మలుపు తిరిగిపోయింది.

అప్పుడు ఆయన కాలు కింద ఆనించి, "పెద్దమ్మా, ఎర్రచీరేనా?" అన్నాడు.

ఒక ట్రాక్టరు నీడలో గోతం పరుచుకుని అక్క కూర్చుని ఉంది. చేతిలో మామిడి ముక్క. పక్కనే తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు.

"మీ మనిసేనామ్మా? పలమనేరు బస్సు యాడ అనడిగింది. ఇదే, కూసో, పోయేటప్పుడు సెప్తా అన్నా."

"నీ బండి కదిలుంటే?"

"యాడ కదిలేది? నిన్నట్నించి ఈడనే ఉండా. కాయ కుళ్ళిపోతాండాది గానీ బండి జానెడు జరగలా."

అక్క నా వైపు చూసింది. గుర్తు పట్టలేదు.

"నువ్వు గూడా పలమనేరుకేనా? కూసో మే, సీటుండాది," అని పక్కకు జరిగింది.

కూర్చున్నాను.

నెల తిరిగాక మళ్ళీ పొట్లం వచ్చింది, తెచ్చింది ఆయనే. నేను బీగం తీయలేదు.

"తియ్యి పెద్దమ్మా, పట్టదని తెలుసు కదా."

"తియ్యను. ఆడనే సించి ఒకటొకటే ఇయ్యి."

"వీధిలోనా?"

"వీధిలోనే."

ఆయన పొట్లం చించి, కమ్మీల మధ్య నుంచి ఒక్కొక్కటే అందించాడు. ఎదురింటి గడప మీద మందుల అంగడాయన భార్య బియ్యం చెరుగుతోంది.

"ఎవురికిమే అవి?" అని చేట ఆపి అడిగింది.

"మా అక్కకు," అని వీధికంతా వినబడేటట్టు చెప్పాను.

అక్క నా పక్కకు వచ్చి, ఒక్కొక్కటే అందుకుని అంచులు సరిచూసి పేర్చింది. "ఇన్ని విస్తర్లా? ఎవురింట్లో పెండ్లి?" అంది. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మజ్జిగ గ్లాసు కమ్మీల మధ్య పట్టింది. తాగి గ్లాసు ఇచ్చి వెళ్ళాడు.

రొండిన చెవి తడుముకున్నాను. ఉంది. వెనక్కి తిరిగి చూశాను. అక్క ఉంది. వంటింట్లోకి పోయి గ్లాసు పెట్టి, మళ్ళీ వచ్చి చూశాను.