దానిది కాని ముక్క

“గుండె బాగుందన్నారుగా, మరి ఆ ఆయాసమేంటండీ?” అని అడిగాను.

“గ్రాండ్ అన్నారే సువార్తా! డాక్టరు చెప్పినా నమ్మవా?” అని నవ్వాడు.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. ఆ నవ్వుతోనే పెరట్లో షెడ్డుకు వెళ్ళి, తన పాత తుపాకి పక్కనే కుప్పకూలాడు.

ఆయన జ్ఞాపకార్థ కూడికలో మీకు చదవాలని మా తమ్ముడి కూతురు రూతు ఇది రాస్తోంది. నాకు సంతకం మించి రాదు. “దివంగతులైనారు అని పెట్టనా అత్తా?” అంది. వద్దన్నాను. మా ఆయన ప్రకాశరావు చనిపోయాడు. ఇక్కడ ఐర్లండ్‌లో, మన స్లైగో సహవాసంలో ఆయన్ని అంకుల్ అని పిలిచిన మీరందరూ భూస్థాపనకు వచ్చి ఏడ్చారు. నాకే ఇంకా ఏడుపు రాలేదు. ఎందుకో చెబుతాను.

అబద్ధం ఓర్వని మనిషని మీరంటారు. నిజమే. ముసలివాళ్ళ హోమ్‌లో పని ఆయనది. ఉతికిన బట్టలు కలిసిపోతే, ఎవరి స్వెటర్ వాళ్ళకు దొరికేదాకా బుట్టలన్నీ తిరగేసేవాడు. “ఆ తల్లికి మతి లేకపోవచ్చు. తనది కాదని ఒంటికి తెలుస్తుంది” అనేవాడు.

తుపాకి దగ్గరా అంతే. వాళ్ళ నాన్న యుద్ధంలో మోసిన రకమని వేలంలో కొన్నాడు. పేలకుండా గొట్టం పూడ్చేసిందే, ఇక్కడి పోలీసులకు, అదే గార్డ్స్‌కు, చూపించిందే. గొట్టాన్ని కప్పే పై చెక్క మాత్రం లేదు. ఒకటి పోస్టులో తెప్పించాడు. చక్కగా కూర్చుంది. తర్వాత లోపలి ముద్ర చూసి ఊడదీశాడు.

“పట్టిందిగా అండీ!”

“పట్టడం వేరు, దానిదవడం వేరు. ఇది వేరే ఫ్యాక్టరీది. దానిది కాని ముక్క పెడితే తుపాకి అబద్ధమాడినట్టే.”

“దానికే నోరుంటే మిమ్మల్ని తిట్టిపోసేది!” అన్నాను.

ఆ మధ్య మా జీపీ డాక్టరు ఆయన గుండెలో ఏదో చప్పుడు విని పెద్దాస్పత్రికి రాశాడు. నెలల తరబడి ఎదురుచూస్తే పిలుపు వచ్చింది. ఆలస్యమవుతుందేమోనని నిమ్మకాయ పులిహోర కట్టిచ్చాను. చీకటి పడ్డాక వచ్చాడు. “రోజంతా కూర్చోబెట్టారే. గ్రాండ్ అన్నారు” అన్నాడు. నేను మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

భూస్థాపన నాడు అత్లోన్ ఊరి నుంచి ఒక ఐరిష్ ముసలాయన వచ్చాడు. పాత తుపాకుల విడిభాగాలు పోగుచేసే మనిషి. నా చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. రూతు తెలుగులో చెప్పింది: “నువ్వు కట్టిన పసుపన్నం వీళ్ళిద్దరూ కలిసి తిన్నారట అత్తా. మావయ్య చెక్క కోసం వెళ్ళిన రోజు. ఆ రోజు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంటే పరుగెత్తుకెళ్ళాడట.”

ఆ పులిహోర నేను ఆస్పత్రికని కట్టింది. ఆయన ఆస్పత్రికి వెళ్ళనేలేదు.

ఆ చెక్క ప్రెస్‌లో, అదే గోడ బీరువాలో, తువ్వాల్లో చుట్టి ఉంది. ముద్ర సరైనదే. దాన్ని తుపాకికి బిగించి ఆయన ఫోటో పక్కన పెడదామని మీరు అడిగారు. కుదరదు. బోసి తుపాకినే పెట్టండి. తుపాకికి దానిది కాని ముక్క వద్దన్న మనిషి, నాకు మాత్రం డాక్టరుది కాని మాట తెచ్చి బిగించాడు. అది చక్కగా పట్టింది కూడా. నేనే ముద్ర చూడలేదు.

ఎవరి స్వెటర్ వాళ్ళకు వెతికిచ్చే మనిషి ఆ హోమ్‌కు మళ్ళీ దొరకడు. నాకూ దొరకడు. ఆ మాట మాత్రం తప్పక రాయి.

రూతూ, ఇప్పుడు మొదట్నుంచీ చదివి వినిపించు. ‘క్షమించింది’ అని నీ అంతట నువ్వు ఎక్కడైనా కలిపావేమో. బాగా అమరినా సరే, నాది కాని మాట ఊడదియ్యి. చదువమ్మా.