రేడియేటర్లో చేపపిల్లలు

ఈవేళ దెందులూరు దగ్గర మా కారు మళ్ళీ ఆవిరి కక్కి ఆగిపోయింది. పురుడు పోయడానికి వెళ్తున్న డాక్టర్ని, చివరికి ఎడ్లబండి ఎక్కాను. తల్లీబిడ్డా క్షేమమే గాని, నా నడుము పోయింది.

సాయంత్రం ఏలూరులో మెకానిక్ మస్తాను రేడియేటరు విప్పితే, బురదతోపాటు ఉడికిన చేపపిల్లలు రెండు బయటపడ్డాయి. మా డ్రైవరు వెంకన్న రోజూ కొల్లేటి కాలవ నీళ్ళే పోస్తున్నాడట.

"గుడ్డతో వడకట్టొచ్చు కదయ్యా?" అన్నాను నీరసంగా.

"వడకట్టేవాణ్ణేనండీ. ఆ గుడ్డ మెత్తగా ఉంది, దాంతో బానెట్టు తుడవమని తమరే అన్నారు కదండీ!"

బానెట్టు నిజంగానే అద్దంలా మెరుస్తోంది. అందులో నా మొహం చూసుకున్నాను.

కార్లున్న పెద్దమనుషులూ, మీరు రేడియేటరు మూత తీసి చూసి ఎన్నాళ్ళయింది?