నాగోయాలో ఏముంది?

అమెరికాలో మా కమ్మింగ్ ఊళ్ళో మూడు కుటుంబాలు కలిసి ఎక్కడికైనా బయల్దేరాలంటే ముందు ఒకరింటి బేస్‌మెంట్‌లో పాట్‌లక్ జరగాలి. పులిహోర ఎవరు తెస్తారో, గుత్తివంకాయ ఎవరు తెస్తారో తేలితే గానీ ఊరు తేలదు. ఈసారి స్ప్రింగ్ బ్రేక్‌కి జపాన్ అనుకున్నాం. టోక్యో, క్యోటో, ఒసాకా ఖాయమైపోయి, మధ్యలో ఒక్క రోజు మిగిలింది. ఆ రోజు నాకు నాగోయా కావాలి.

పెళ్ళికి ముందు హైదరాబాద్ కంపెనీ తరఫున ఆ ఊళ్ళో రెండేళ్ళు పనిచేశాను. ఈ సంగతి మావాళ్ళందరికీ తెలుసు. ఎవరి బ్లడ్ గ్రూప్ ఏమిటో తెలిసినట్టు తెలుసు, అంతే. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఉద్యోగం చెయ్యనివ్వని వీసా, తర్వాత పాప, ఆ తర్వాత అలవాటు. లైసెన్స్ ఉంది గానీ హైవే ఎక్కను. ఎక్కడికి వెళ్ళాలన్నా మా ఆయనో, పక్కింటావిడో తీసుకెళ్ళాలి. మా పాపకి తెలిసిన అమ్మ ఎప్పుడూ కారులో డ్రైవర్ పక్క సీట్లోనే ఉంటుంది.

ట్రిప్పుల ప్లానింగ్ ఎప్పుడూ, ఈసారి పాట్‌లక్ పెట్టిన ఇంటాయనదే. మంచి మనిషే. కానీ టీవీకి లాప్‌టాప్ తగిలించాడంటే పార్టీలో ఉన్నామో, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నామో తెలియదు.

"మీరు నాగోయా అన్నారు కదండీ, టాప్ అట్రాక్షన్స్ చెప్పండి. యాడ్ చేస్తా" అన్నాడు.

నేను సిద్ధపడే వచ్చాను. ముందు కోట గురించి చెప్పాను. కప్పు మీద రెండు బంగారు చేపలుంటాయి, వాటికి పులి తలలు. యుద్ధంలో కాలిపోతే కాంక్రీటుతో మళ్ళీ కట్టారు.

"లోపలికి వెళ్ళొచ్చా?"

"కోట మూసేశారు. పక్కనున్న రాజభవనం చూడొచ్చు. కొత్తగా సైప్రస్ చెక్కతో కట్టారు."

ఆయన ఏమీ టైప్ చెయ్యలేదు. అత్సుతా గుడి గురించి చెప్పాను. ఊరి మధ్యలో చిన్నపాటి అడవి, అందులో గుడి. వాళ్ళ రాజవంశానికి చెందిన కత్తి అక్కడే ఉంది.

"కత్తి చూపిస్తారా?" అని ఆయన కొడుకు సోఫాలోంచి లేచాడు.

"ఎవరికీ చూపించరు నాన్నా."

వాడు మళ్ళీ కూలబడ్డాడు. మూసేసిన కోట, చూపించని కత్తి. నేను చెప్తున్నది నాకే అధ్వాన్నంగా వినిపించింది. రైళ్ళ మ్యూజియం ఉంది, ఓసు అని బజారు వీధులున్నాయి, అరగంట దూరంలో ఇనుయామాలో నది ఒడ్డున నిజమైన పాత చెక్క కోట ఉంది అని గబగబా చెప్పేశాను. కూరగాయల బండివాడిలా ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తున్నాను.

"ఓకే, గ్రూప్‌లో పోల్ పెట్టేద్దాం" అన్నాడాయన. అందరి ఫోన్లూ టింగుమన్నాయి. ఒకటి నాగోయా, రెండోది ఒసాకాలో థీమ్ పార్క్‌కి ఇంకో రోజు.

నాగోయా పక్కన నా ఫొటో ఒక్కటే ఉంది. థీమ్ పార్క్ పక్కన ఉన్నవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. పెరుగన్నం ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నొక్కేసినట్టున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు కూడానా?" అన్నాను అందరి ముందూ.

"పిల్లలు ఎంజాయ్ చేస్తారని... కోట క్లోజ్డ్ అని నువ్వే అన్నావు కదే" అన్నాడు బిత్తరపోయి.

ఇంటావిడ సర్దిచెప్పబోయింది. "అది కాదు వదినా, నిజంగా చెప్పు, ఆ ఊళ్ళో అసలు ఏముంది?"

"ఏమీ లేదు. నేనున్నాను అక్కడ."

ఇక నేను ఆపలేదు. నా సొంత జీతంతో తీసుకున్న గది ఉందని చెప్పాను. అది ఎంత చిన్నదంటే, తలుపు దగ్గర చెప్పులు విప్పితే వంటిల్లు వచ్చేసేది. అక్కడ నన్ను ఫలానా ఆయన భార్య అనో, ఫలానా పాప మమ్మీ అనో ఎవరూ అనలేదు. మా ఇంటిపేరుకి 'సాన్' తగిలించి గౌరవంగా పిలిచేవారు. పొద్దున్నే కాఫీ తీసుకుంటే ఆ ఊళ్ళో టోస్ట్ ఊరికే ఇస్తారు, మీద ఎర్రగింజల తీపి ముద్ద రాసి. మన బొబ్బట్లలో పూర్ణానికి చుట్టమే. దాన్ని తింటూ కిటికీ పక్కన కూర్చుని, ఆదివారం ఎటు వెళ్ళాలో నేనే అనుకునేదాన్ని. ఇనుయామాకి మొదటిసారి వెళ్ళినప్పుడు రైలు తప్పుగా ఎక్కి, తెలియని స్టేషన్‌లో దిగి, వచ్చీరాని జపనీస్‌లో దారి అడుగుతూ చేరాను. కోట పైఅంతస్తు చుట్టూ నడిచే సన్నటి వసారా ఉంది, దాని కటకటాలు మోకాలి దాకానే ఉంటాయి. కింద నది చూస్తుంటే భయం వేసింది. అయినా చుట్టూ తిరిగాను.

"వదినా, ఇదంతా ముందే చెప్పొచ్చు కదా" అంది ఆవిడ మెల్లగా.

"అట్రాక్షన్స్ అడిగారు, చెప్పాను" అన్నాను. "పోల్ ఎలా ఉన్నా సరే, మీరందరూ థీమ్ పార్క్‌కి వెళ్ళండి. ఆ రోజు నేను నాగోయా వెళ్తాను."

అప్పటిదాకా కార్పెట్ మీద ఐప్యాడ్ చూసుకుంటున్న మా పాప తలెత్తింది. ఎంత విందో నాకు తెలియదు.

"అమ్మా, ఆ హై క్యాజిల్ నేను చూస్తా. కెన్ ఐ కమ్?"

"రా."

"బట్ మనల్ని ఎవరు తీసుకెళ్తారు?"

"నేను."

అది నమ్మకుండా వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన ప్లేటు పక్కన పెట్టాడు. కాసేపు నన్నే చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.

"అవును బంగారం, అమ్మే తీసుకెళ్తుంది" అన్నాడు. "నన్ను కూడా తీసుకెళ్తుందేమో అడుగు."