కోటు కోసం మార్గశిరం

ఆ రోజుల్లో చలికాలం అంటే నాకు ఒకటే అర్థం: కోటు వేసుకోవడానికి వీలయ్యే కాలం. మా తెనాలిలో అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మంచు కాస్త దట్టంగా పడుతుంది, రేపల్లె బండి ఆలస్యంగా కదులుతుంది, పెద్దవాళ్ళు చెవులకు మఫ్లర్లు చుట్టుకుంటారు, తొమ్మిదయ్యేసరికి ఆ మఫ్లర్లన్నీ దండేల మీదికి చేరతాయి. మా చలి అంతే. ఆ కాసింత చలిని నమ్ముకుని నేను నా పెళ్ళి ముహూర్తం పెట్టించాను. అందుకు నాతో పాటు ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో ఇన్నాళ్ళకు రాస్తున్నాను. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

దీనికంతటికీ మూలం మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి. అది రోహిణీ కార్తెలో జరిగింది. రిసెప్షన్‌కి నీలం కోటు వేసుకుని, టై బిగించుకుని, మహారాజులా కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాలకు ఒళ్ళంతా తడిసింది, ఇరవై నిమిషాలకు మొహం మీద పౌడరు చారలు కట్టింది, అరగంటకు మెల్లగా పెళ్ళికూతురి భుజం మీదికి ఒరిగిపోయాడు. చూస్తున్నవాళ్ళు ఎంత అన్యోన్యమో అనుకున్నారు. మొహాన నీళ్ళు చల్లాకే తెలిసింది, స్పృహ తప్పాడని. ఆ పూటే నేను ఒట్టు పెట్టుకున్నాను: నా పెళ్ళి చలికాలంలోనే. (కోటు వేసుకోకుండా కూడా పెళ్ళి చేసుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. అందరి కంటే నేను పొట్టి. కోటు వేసుకుంటే పొడుగ్గా కనిపిస్తానని దర్జీ చెప్పాడు.)

నేనప్పుడు బాపట్లలో ఒక ఎరువుల వ్యాపారి ఆఫీసులో గుమాస్తాని. పొద్దుట నుంచి సాయంత్రం దాకా కాగితాల మీద ‘వరి’ అని రాస్తుండేవాణ్ణి గానీ, అన్నంగా తప్ప వరితో నాకు పరిచయం లేదు. కుదిరిన సంబంధం రేపల్లె దగ్గర పల్లె. మామగారికి మూడెకరాల పొలం, దాని మీదే బతుకు. ముహూర్తాలు పెట్టుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పురోహితుడు పంచాంగం తిరగేసి రెండు చెప్పాడు. ఒకటి మార్గశిరంలో, ధనుర్మాసం రాకముందు. రెండోది మాఘంలో.

“మాఘం పెట్టుకుందామండి,” అన్నారు మామగారు వెంటనే. “మాది కాలవ చివర శివారు భూమి. నీళ్ళు ఆలస్యం, కోత కూడా ఆలస్యమే. మార్గశిరంలో చేను కోతకొచ్చి ఉంటది. కూలీలు ఏ రోజు దొరికితే ఆ రోజే కొయ్యాలి. కోశాక పనలు నాలుగు రోజులు చేలోనే ఆరాలి, ఆ తర్వాతే కుప్పెయ్యాలి. ఆ నాలుగు రోజులూ మా ప్రాణాలు మబ్బు మీద ఉంటాయండి.”

మా నాన్న “అయ్యో, అలాగే బావగారూ, మాఘమే కానివ్వండి,” అనబోయాడు. నేను దగ్గాను. పెళ్ళికొడుకు దగ్గితే అందరూ ఆగుతారు.

“మాఘంలో నాకు సెలవు దొరకదండి,” అన్నాను.

పచ్చి అబద్ధం. మా యజమాని ముందురోజే “పెళ్ళికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవయ్యా, నువ్వు లేకపోతే ఆఫీసు కాస్త ప్రశాంతంగా ఉంటది,” అన్నాడు. కానీ మాఘం అంటే శివరాత్రికి దగ్గర. శివరాత్రితో చలి పోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ముహూర్తం అటు జరిగితే నా గతి ఏంటి? మామగారు ఒక్క క్షణం నా వంక చూశారు. “ఉద్యోగం కదండి మరి. మన చేతిలో ఏముంది? అట్టాగే కానివ్వండి,” అన్నారు. గడప దగ్గర నిలబడ్డ అత్తగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అది సిగ్గనుకున్నాను.

కోటు తెనాలిలో కుట్టించాను. బూడిద రంగు, లోపల పట్టు లైనింగు. పెళ్ళి మూడు రోజులుందనగా మామగారి నుంచి కబురొచ్చింది: కూలీలు దొరికారు, చేను కోశారు, పెళ్ళి మర్నాడు కుప్పేస్తారు. “ఇంకేం, పెళ్ళి పనీ పొలం పనీ కలిసొచ్చాయి,” అన్నాను అద్దంలో టై సరిచేసుకుంటూ. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెప్పిన సాయంత్రం కూడా ఇంకా చలేస్తుందని సంబరపడ్డానే తప్ప, చేలో పరిచి ఉన్న పనలు గుర్తుకు రాలేదు.

పెళ్ళినాడు ఉదయం ఏడింటికి మా బస్సు రేపల్లె కల్యాణ మండపం ముందు ఆగింది. కోటుతో దిగాను. చలి లేదు. పొద్దుటి నుంచీ మబ్బు కమ్మి, గాలి ఆడక, బట్టలు ఉడికించే కాగులో దిగినట్టుంది. ఎదురుకోలు కోసం నిలబడిన అయిదు నిమిషాల్లోనే నా వీపు మీద కాలవలు పారాయి. అది కూడా భరించేవాణ్ణి, ఎవరైనా చూసి ఉంటే. ఆడపెళ్ళివారు పానకం బిందెతో ఎదురొచ్చారు గానీ ఒక్కళ్ళ చూపూ నా మీద లేదు. అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. ఫొటోగ్రాఫరు గొంతు చించుకున్నాడు: “సార్, ఇటు చూడండి సార్! అమ్మా, కెమెరా ఇక్కడుందమ్మా!” నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన మరొకాయనతో “తూర్పు గాలి తిరిగింది. మధ్యాహ్నానికి దిగుద్ది,” అంటున్నాడు. ఏం దిగుతుందో అడిగే తీరిక నాకు లేదు. కాలరు సర్దుకుంటున్నాను.

పీటల మీద నా కాళ్ళు కడిగేటప్పుడు మామగారి చూపు గుమ్మం బయటే ఉంది. చెంబులో నీళ్ళు సగం పళ్ళెంలో, సగం పురోహితుడి ఒళ్ళో పడ్డాయి. “బాబాయ్, నాకు పెళ్ళయిపోయింది, నా కాళ్ళు కడగక్కర్లా,” అన్నాడాయన పంచె పిండుకుంటూ. అందరూ నవ్వారు, మామగారు తప్ప. తాళి కట్టాను. తలంబ్రాలు అయ్యాయి. తలెత్తి చూస్తే ఆడపెళ్ళివారి వైపు మగవాళ్ళ కుర్చీలన్నీ ఖాళీ.

అప్పుడు లేచాడు బాపట్ల నుంచి వచ్చిన మా మేనమామ. మా వైపు మర్యాదలన్నిటికీ ఆయనే కాపలా. “ఏంటిది? మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చుంటే సాంబారు అడిగే దిక్కు లేదు! వియ్యంకుడేడి? పిల్లనిచ్చి పారిపోయాడా?” అని భోజనాల హాలు నుంచి ఆయన గొంతు పీటల దాకా వినిపించింది.

నా పక్కనున్న పెళ్ళికూతురు తల వంచుకునే నాతో మొదటిసారి మాట్లాడింది. “ఏవండీ, నాన్న చేలోకి వెళ్ళాడండి. మూడెకరాలూ పనల మీదుంది. తడిస్తే ఈ ఏడాది ఇంక ఏమీ లేదు. మీ మావయ్యగారికి కోపం వస్తే నన్ను అనమనండి, పడతాను. నాన్నని మాత్రం ఎవరూ ఏమీ అనొద్దని చెప్పండి.” బాసికం కింద ఆ కళ్ళు చూశాను. ఆ క్షణంలో నిజం చెప్పేయాల్సింది. చెప్పే ధైర్యం లేక లేచి నిలబడి, “పదండి, అందరం చేలోకి వెళ్దాం!” అని అరిచాను. జనం దాన్ని పెద్దమనసు అనుకున్నారు. మా మేనమామ “కంకణం కట్టుకున్నవాడు పొలం వెళ్ళడమేంట్రా, బుద్ధుందా?” అంటూనే బస్సెక్కాడు. ఎవరో తెలివైనవాడు మండపం ముందు వేసిన షామియానా కూడా విప్పి బస్సు మీద పడేశాడు.

చేలో నా పనితనం గురించి ఎక్కువ చెప్పను. రెండు పనలు ఎత్తేసరికి ఒక కూలీ పెద్దామె పరిగెత్తుకొచ్చింది. “అయ్యయ్యో, పెళ్ళికొడుకుగారూ! అట్టా దులిపితే గింజంతా రాలుద్ది. వానే నయం, మీకంటే మెల్లగా పాడుచేసుద్ది. గట్టు మీద కూర్చోండి బాబూ, దణ్ణం పెడతా!” చివరికి షామియానా గాలికి ఎగిరిపోకుండా ఒక మూల పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. పట్టుచీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నా భార్య మోపులు మోస్తోంది. సాంబారు కోసం గర్జించిన మా మేనమామ, పంచె ఎగ్గట్టి, కుప్ప మీదికెక్కి, చిన్నప్పుడెప్పుడో నేర్చిన పద్ధతిలో పన మీద పన పేరుస్తూ, “ఇటియ్యండి, ఇటియ్యండి!” అని అందరినీ తరుముతున్నాడు. మొదటి కుప్ప పూర్తయి షామియానా కప్పాం. రెండోది మొదలెట్టామో లేదో వాన దిగింది. సగం చేను మా కళ్ళ ముందే నీళ్ళల్లో తేలింది.

గట్టు మీద తడిసి నిలబడ్డ నా దగ్గరికి మామగారు వచ్చారు. భుజం మీది తువ్వాలు పిండి నా తల తుడిచారు. “పెళ్ళిరోజున మిమ్మల్ని వానలో నిలబెట్టాను. ఏమీ అనుకోవద్దు అల్లుడుగారూ,” అన్నారు. అనుకోవద్దని ఆయన నన్ను అడిగారు!

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ ఊళ్ళో నేను బంగారం లాంటి అల్లుణ్ణి. “పెళ్ళి బట్టలతో చేలో దిగాడంట!” అని కనిపించినవాళ్ళందరూ మెచ్చుకుంటే తల వంచుకునేవాణ్ణి. అది వినయం అనుకునేవాళ్ళు.

వేసవిలో ఒకసారి బాపట్ల నుంచి ఇద్దరం అత్తవారి ఊరు వెళ్ళాం. నాకు మల్లెపువ్వు లాంటి అన్నం వడ్డించారు. మంచినీళ్ళ కోసం లేచి వంటింట్లోకి వెళితే, వెనక వసారాలో మామగారు తింటున్నారు. ఆయన పళ్ళెంలో అన్నం ఎర్రగా, ముక్కిన వాసన వేస్తోంది. పొయ్యి పక్కన రెండు గిన్నెలున్నాయి.

“ఇదేంటి నాన్నా? తడిసిన వడ్లా?” అంది నా వెనకే వచ్చిన నా భార్య.

“ఎవరూ కొన్లేదమ్మా. కొనకపోతే ఏంటి, తినటానికి మేం లేమా?” అన్నారు. “కుప్పేసిన వడ్లు అమ్మాంగా. అందులోవే నాలుగు బస్తాలు మీకని ఆపి ఆడించాం.” నెలనెలా బాపట్లకు మా ఇంటికి వస్తున్న బియ్యం అవే.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. “మామగారూ, మాఘంలో నాకు సెలవు దొరికేదండి.”

“మరి?”

“కోటు కోసమండి.”

“ఏ కోటు?”

“ఎదురుకోలప్పుడు వేసుకున్నాను కదండీ. బూడిద రంగుది.”

ఆయన ముద్ద పట్టుకుని కాసేపు ఆలోచించి భార్య వైపు తిరిగారు. “ఏమే, అల్లుడు కోటేసుకున్నాడా?”

“ఏమోనయ్యా,” అన్నారు అత్తగారు. “నేను మబ్బు వంక చూస్తున్నా.”

నా భార్య నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. మామగారు చేతిలో ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి, “మాఘంలోనూ చలి ఉంటదిగదయ్యా,” అన్నారు, అంతే. నేను నా పళ్ళెం తెచ్చుకుని ఆయన పక్కన కింద కూర్చుని, “నాకూ అదే పెట్టండి అత్తయ్యగారూ,” అన్నాను. ఆమె భయంగా భర్త వైపు చూశారు. అల్లుడికి అలాంటి అన్నం పెడితే ఊళ్ళో తలెత్తుకోలేమని ఆమె బెంగ.

“పెట్టవే. తిననీ,” అన్నారాయన. తర్వాత నా వైపు చూడకుండానే, “మజ్జిగ ఎక్కువ పోసుకో. వాసన అంతగా తెలీదు,” అన్నారు.

పోసుకున్నాను. బాగానే తెలిసింది. ఆ రోజు నుంచి మేం ఎప్పుడు వెళ్ళినా ఆ ఇంట్లో ఒకే గిన్నె పొయ్యెక్కింది, ‘అల్లుడుగారూ’ అన్న పిలుపు కూడా ఎటో పోయింది. తడిసిన బియ్యం అడుగంటేసరికి మళ్ళీ నాట్లు వచ్చాయి. చివరి గిన్నె వండిన పూట మామగారి పక్కనే కూర్చుని, ఎర్రటి అన్నం ముద్ద మింగి, ఆయన్ను సంతోషపెడదామని, “ఇవాళ చాలా బాగుందండి,” అన్నాను. ఎంత మారాననుకున్నా అప్పటికి నేను మారింది అంతే.

“నీకు అబద్ధాలు ఇంకా పోలేదయ్యా,” అన్నారు మామగారు. పెళ్ళయ్యాక ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.