అవ్వ మళ్ళీ చదివించిన పుట

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, చెప్తాను. నిన్న జల్లు పడి మా వరండాలో శెనక్కాయల మూట తడిసింది. ఆ తడి పొట్టు వాసన ముక్కుకు తగలగానే కోసిగిలో మా అవ్వ వసారాలో పదేళ్ళ పిల్లనైపోయాను.

తొలకరికి ముందు, బండలు కాలిపోయే మధ్యాహ్నాల్లో, విత్తనానికి కాయలు ఒలిచేవాళ్ళు. మిషనులో వేస్తే గింజ చీలుతుందని, నీళ్ళు చిలకరించిన కుప్ప చుట్టూ అవ్వ, పక్కింటి ఖాసింబీ, ఎదురింటి ఈరమ్మ చేరి, బొటనవేళ్ళు ఎర్రబడేదాకా చేత్తోనే ఒలిచేవాళ్ళు. చెవులకు పని ఉంటే విత్తనం నోట్లోకి పోదని అవ్వ నమ్మకం. అందుకే బడికి పోయే నాకు పాత నవల చదివి వినిపించే పని పెట్టారు.

అందులో నాయిక హైమ అంటే నాకు ప్రాణం. ఆమెలాగే తల ఎగరేసి అద్దంలో చూసుకునేదాన్ని. అలాంటి హైమ, బావ దూరమైపోతాడని, అతనికొచ్చిన ఉద్యోగం ఉత్తరాన్ని పొయ్యిలో వేసి, ఏ ఉత్తరమూ రాలేదని అబద్ధమాడింది! అంతకుముందు చదివిన ఇంకో నవలలో నాయిక చెడ్డదని అవ్వ ఆ పుస్తకాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టింది. హైమకూ ఆ గతి పడుతుందని భయపడి, ఉత్తరం కాల్చడమూ అది బావకు తెలిసిపోవడమూ ఉన్న ఆ పుట చదవకుండా తిప్పేశాను.

తర్వాతి పుటలో బావ కోపంగా ఇల్లు విడిచిపోయాడు.

"బంగారట్లా పిల్లను ఇడిసిపెట్టి యాడికి పోతాండాడు, వాని కాళ్ళిరగ!" అంది ఈరమ్మ.

"యాడో ఇంగోతి ఉంటాదిలే," అంది ఖాసింబీ.

కుప్ప సగమయ్యేదాకా తిట్టారు. ఏ పాపమూ ఎరగని బావకు అన్ని శాపాలు తగులుతుంటే ఏడుపొచ్చి, చేసింది చెప్పేశాను.

అవ్వ చేయి చాచింది. పుస్తకం పొయ్యిపాలేననుకున్నాను. చదువు రాని అవ్వ ఆ పుటను పైకీ కిందికీ చూసి, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.

"సదువు మే. ఒక్క మాట ఇడిసినావంటే ఈపు పగుల్తాది."

చదివాను. పుట అయ్యాక అవ్వే అంది:

"మీ తాత మిలట్రీకి పోతానంటే ఆయప్ప చెప్పులు గడ్డివాములో దాచిపెడ్తి. ఎతికేలోగా రైలు పాయ. రైలు పాయ గాబట్టే మీ నాయన పుట్టె!"

ఈరమ్మ నవ్విన నవ్వుకు పొట్టు ఎగిరి మా అందరి తలల మీద పడింది. ఆ రోజు నుంచి హైమ 'మన హైమ' అయింది. బావ తిరిగొచ్చిన పుట చదివిన రోజున, ఎవరినీ ముట్టనివ్వని ఆ విత్తనంలోంచే తీసి, అవ్వ తలా ఒక గుప్పెడు బెల్లంతో పెట్టింది.

ఇప్పుడు గింజ చీలకుండా ఒలిచే మిషన్లు వచ్చాయి; కుప్ప చుట్టూ కూర్చునేవాళ్ళు లేరు, అవ్వా లేదు. నవల మాత్రం నా పెట్టెలో ఉంది. నేను తిప్పేసిన ఆ ఒక్క పుట నిండా అవ్వ నూనె వేలిముద్రలు. చదువు రాకపోయినా అవ్వ ఆ మరకల గుర్తుతోనే పుట తీసి, "ఈడ సదువు" అనేది.

మీ పొయ్యిలో ఏ పుస్తకమూ కాలకుండా, మీ ఇంట తప్పు చేసినవాళ్ళు కూడా నవ్వుతూ అన్నానికి కూర్చునేలా, మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.