కాగితానికెక్కని హోటలు

నగరంలోని పెద్ద సమావేశ మందిరంలో, గేటు దాటి లోపలికి రాగానే ఎడమచేతి వైపు, 'విచారణ' అని బోర్డు వేలాడే బల్ల వెనక ఇరవై ఒక్క ఏళ్లుగా ఒకే మనిషి కూర్చుంటున్నారు. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన విచారణగారు. ముఖం ముడుచుకుని వచ్చిన రోజున మాత్రం, "ఏంటి, ఇవాళ విచారంగారా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తారు.

సదస్సులకి వచ్చేవాళ్లు ఆయన్ని అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది, బాత్రూము ఎక్కడ? రెండోది, ఇక్కడ తినడానికి మంచి చోటేదైనా ఉందా? మొదటి ప్రశ్నకి చెయ్యి చూపిస్తే సరిపోయేది. రెండోదానికి కాగితం కావలసి వచ్చింది. చేరిన రెండో ఏడు ఆయన ఆ కాగితం మొదలుపెట్టారు. మందిరానికి పది నిమిషాల నడకలో భోజనం, ఫలహారం, కాఫీ, సాయంత్రం గొంతు తడుపుకోవాలనుకునేవాళ్లకి ఓ చల్లటి చోటు, అన్నీ రెండు వైపులా అచ్చేసి ఇచ్చేవారు. ప్రతి సదస్సుకీ ముందు ఆ చోట్లన్నీ తనే నడిచి, తనే కొనుక్కుని తిని, తిరిగొచ్చి రాసేవారు. ఊరికే పెడతామన్నా తినేవారు కాదు. రాయడంలో మొహమాటం అసలు లేదు. "మూలమీద కాఫీ కొట్టు: కాఫీ చిక్కన, కుర్చీలు లేవు." "రొట్టెల దుకాణం: పదకొండు గంటల లోపల వెళ్తే వేడి రొట్టె దొరుకుతుంది, తర్వాత వెళ్తే దవడ నొప్పి దొరుకుతుంది." "బస్టాపు పక్క హోటలు: భోజనం ఫరవాలేదు, వడ్డించేవాళ్లకి మాత్రం మనం ఎప్పుడు లేస్తామా అని ఉంటుంది."

వచ్చినవాళ్లు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తమ ఊళ్లకి పట్టుకుపోయేవారట. ఇంట్లో ఎవరూ ఆయన నాలుకతో వాదించరు. పులుసులో ఉప్పు రవ్వంత తగ్గినా, నోట్లో పెట్టుకోకముందే వాసన చూసి చెప్పేస్తారు. అలాంటి మనిషికి తనకంటూ ఒక హోటలుండాలని కోరిక ఉండడంలో వింతేముంది? ఆయనకీ ఉండేది. మందిరం వెనక సందులో, బట్టలు ఉతికిచ్చే దుకాణం ఖాళీ చేసి వెళ్లిన గది ఒకటి ఉంది. దాని కొలతలు ఆయనకి కంఠతా వచ్చు. ఏడు బల్లలు పడతాయి. వంటగది వెనక, కిటికీ సందులోకి. రోజూ మధ్యాహ్నం ఆ గది ముందునుంచి ఓ నడక వేసి, తాళం ఇంకా అలాగే ఉందని చూసుకుని వచ్చేవారు. అంతకుమించి ఆరేళ్లలో ఏమీ చెయ్యలేదు.

ఒక రోజు దారిలో కలిసిన తోడల్లుడికి కూడా ఆ గది చూపించారు. తోడల్లుడంటే భార్య చెల్లెలి భర్త. అత్తవారింట్లో ఈయన పెద్దల్లుడు, అతను చిన్నల్లుడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. పండు పెట్టినా, రాయి పెట్టినా తిని లేచిపోతాడని విచారణగారి అభిప్రాయం.

లిఫ్టుల కంపెనీ మూతపడినప్పుడు ఆ చిన్నల్లుడే ఇంటికొచ్చాడు. చెప్పులు గుమ్మంలో విప్పి, కుర్చీ అంచుమీద కూర్చుని అడిగాడు.

"అన్నయ్యా, ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది. మీరు పెట్టే ఆలోచనలో ఉన్నారా? ఉంటే చెప్పండి, నేను ఇంకో చోటు చూసుకుంటా."

"నువ్వా? హోటలా?" అన్నారు విచారణగారు.

"మా అమ్మ వంట చేసేది కదా, పదిమందికి. పక్కనుండి చూసినవాణ్ణే."

"నాకెందుకయ్యా ఈ వయసులో. నువ్వే పెట్టుకో," అన్నారు ఆయన, నవ్వుతూనే.

అలా అడిగి మరీ తీసుకున్నాడు కాబట్టి ఆయనకి ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది. మోసం చేసి లాక్కుని ఉంటే తిట్టుకుని నిద్రపోయేవారు.

హోటలు తెరిచిన రోజున ఆయనకి జ్వరం వచ్చింది. నిజంగా వచ్చిందా అంటే, వచ్చిందనే అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలపాటు ఆ సందువైపు అడుగు పెట్టలేదు. ఆదివారాలు అత్తగారింట్లో భోజనానికి కూర్చుంటే ఆవిడ మొదలుపెట్టేది.

"మా చిన్నల్లుడు నిన్న వంకాయలు పంపించాడు బాబూ, నూనెలో మగ్గబెట్టి. నోట్లో వెన్నలా కరిగిపోయాయనుకోండి. మీరు తిన్నారా అక్కడ?"

"కుదరలేదండీ. ఆఫీసులో పని."

"పక్క సందే కదా?"

విచారణగారు గ్లాసు అందుకునేవారు. మంచినీళ్లు తాగి, ఉప్పు ఎక్కువైందనేవారు. ఎక్కువయ్యేది కాదు.

ఇంతలో పళ్ల డాక్టర్ల సదస్సు వచ్చింది. మూడు రోజులు, పన్నెండు వందలమంది. విచారణగారు ఎప్పటిలాగే వారం ముందునుంచి తిరిగారు. పదకొండు చోట్లు రాశారు. కిటికీలోంచి జంతికలమ్మే, ఈగలు ముసిరే కొట్టుని కూడా వదల్లేదు. పక్క బల్లమీద ఫొటో పాసులు ఇచ్చే అమ్మాయి అచ్చుకి పంపేముందు చదివి చూసింది.

"సార్, వెనక సందులో కొత్త హోటలు ఉంది కదా? అది రాయలేదేంటి? మేమంతా అక్కడే తింటున్నాం."

"ఇంకా చూడలేదమ్మా. చూడకుండా రాయను కదా."

మాట నిజమే. ఆయన చూడకుండా ఎప్పుడూ రాయలేదు. చూడాల్సినదాన్ని చూడకుండా ఉండడం మాత్రం ఇదే మొదటిసారి. ఆ సాయంత్రం కాగితాల కట్టలు అచ్చయి వస్తే, పైన ఉన్నదాన్ని తీసి రెండు వైపులా చూసుకున్నారు. కింద ఒక పేరు పట్టేంత జాగా తెల్లగా మిగిలి ఉంది. ఆయన దాన్ని చూస్తూ తృప్తిపడ్డారు. ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు, కానీ పడ్డ మాట నిజం.

సదస్సు రెండో రోజు మధ్యాహ్నం, తల పండిన డాక్టరుగారొకావిడ బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో ఆయన కాగితమే.

"ఇది రాసింది మీరేనా? చాలా బాగుందండీ. ఆ దవడ నొప్పి మాట మా ప్రసంగంలో కూడా వాడుకున్నాం. కానీ ఒకటి మర్చిపోయారు."

కాగితం తిప్పి చూపించింది. ఆ తెల్లటి జాగాలో, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఆవిడ రాసి పెట్టింది: "వెనక సందు, ఆకుపచ్చ తలుపు. పప్పు ఇలా ఉండాలి."

"అన్నం పొడిపొడిగా, పప్పు మీద వెల్లుల్లి పోపు అప్పుడే వేసినట్టు చిటపటమంటూ వస్తుందండీ. కూరలో ముక్క ముక్కగానే ఉంది, కానీ పంటికి పని లేదు. నేను నలభై ఏళ్లుగా పళ్లు చూస్తున్నాను, నమలడం గురించి నాకు తెలుసు. మా వాళ్లకి ఒక యాభై కాపీలు తీయించి పంచేశాను, మీకు అభ్యంతరం లేదుగా?"

"అయ్యో, ఎందుకుంటుందండీ," అన్నారు విచారణగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్లు తన చేత్తో రాసిన కాగితంమీద, తన పద్ధతిలోనే, తన కడుపు మండేలా ఇంకొకరు రాయడం! పాసులిచ్చే అమ్మాయి తల వంచుకుని పాసులు లెక్కపెడుతున్నట్టు నటించింది.

ఇక కూర్చోలేకపోయారు. బల్లమీద 'ఇప్పుడే వస్తాను' అట్ట పెట్టి వెనక సందులోకి నడిచారు. మలుపు దగ్గరే ఆగిపోయారు. ఆకుపచ్చ తలుపు ముందు మెడలో పాసులు వేసుకున్న పళ్ల డాక్టర్లు ఇరవైమంది వరసలో నిలబడి ఉన్నారు. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. తలుపు తీసి ఉంది. లోపల ఒకావిడ నడుముకి గుడ్డ కట్టుకుని, మూడు కంచాలు ఒక చేతిమీద మోస్తూ, ఎవరో అన్నదానికి పెద్దగా నవ్వుతోంది. ఆవిడ ఆయన భార్య.

పొద్దున ఆవిడ, "చెల్లెలికి కాలు బెణికింది, ఓసారి చూసొస్తా," అని చెప్పి బయల్దేరింది. ఆయన పేపరు చదువుతూ ఊఁ అన్నారు. చెల్లెలి బదులు వడ్డించడానికని ఇప్పుడు అర్థమైంది. భార్య అలా నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క వెయ్యడానికి ప్రయత్నించారు. వెనక్కి తిరిగి పోదామనుకునేలోపే ఆవిడ చూసేసింది.

"అక్కడే నిలబడ్డారేం? లోపలికి రండి. గోడపక్కన ఒక కుర్చీ ఖాళీ."

వరసలో ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. తేలు కుట్టిన దొంగలా వెళ్లి కూర్చున్నారు. ఏడు బల్లలే. కిటికీ సందులోకే. తను ఎలా అనుకున్నారో అలాగే. చిన్నల్లుడు వంటగదిలోంచి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, తనే కంచం తెచ్చి పెట్టాడు.

విచారణగారు తిన్నారు. మొదటి ముద్దలో తప్పు వెతికారు. రెండో ముద్దలో వెతికారు. మూడో ముద్దకి వెతకడం మర్చిపోయారు. కంచం ఖాళీ అయ్యాక గుర్తొచ్చి, తనమీద తనకే ఒళ్లు మండింది.

అప్పుడు కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగారు. నీళ్లు! మాడిన గింజ వాసన, పైన నీళ్లు. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"ఎలా ఉందన్నయ్యా?" చిన్నల్లుడు ఎదురుగా నిలబడి అడిగాడు. "ఆర్నెల్లుగా చూస్తున్నా, మీరెప్పుడొస్తారా అని. ఎవరు బాగుందన్నా నాకు నమ్మకం కుదరలేదు. మీరు చెప్పాలి."

భార్య కంచాలు పట్టుకుని అక్కడే ఆగింది.

"బాగుంది," అన్నారు విచారణగారు. ఆ మాట బయటికి రావడానికి పన్ను పీకినంత పనైంది. కాఫీ సంగతి మాత్రం చెప్పలేదు. దాన్ని తనతోనే పట్టుకుపోయారు.

రెండు రోజుల తర్వాత, సదస్సు అయిపోయాక, భార్య పొద్దున్నే కాఫీ ఇచ్చి, ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. డాక్టరుగారి కాపీల్లో ఒకటి.

"పదకొండు రాశారు. పన్నెండోది మింగేశారు."

"చూడనిది రాయను."

"ఎందుకు చూడలేదో చెప్పండి."

ఆయన కాఫీ కప్పు అందుకున్నారు. ఆవిడే చెప్పింది, గొంతు పెంచకుండా.

"మీరు పెట్టలేదు, అతను పెట్టాడు. అంతే కదా. ఏడుపు ఉంటే ఉండనివ్వండి, మనుషులన్నాక ఉంటుంది. నాకూ ఉంది, చెల్లెలికి నాకంటే జడ పొడుగు. కానీ నేను ఎప్పుడైనా దాని దువ్వెన దాచేశానా?"

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని కాఫీ తాగేశారు.

తర్వాతి నెల గ్రంథాలయాల వాళ్ల సదస్సుకి కాగితం మళ్లీ రాశారు. పన్నెండో చోటు కోసం నాలుగుసార్లు కొట్టేసి, చివరికి ఇలా తేల్చారు: "వెనక సందు, ఆకుపచ్చ తలుపు: ఈ కాగితంలో అన్నిటికంటే మంచి భోజనం. కాఫీ మాత్రం మూలమీద తాగండి." మొదటి వాక్యం నిజం కాబట్టి రాశారు. రెండోది కూడా నిజమే, కానీ రాస్తున్నప్పుడు కలం కాస్త హుషారుగా కదిలింది.

గొడవ అవుతుందని ఎదురుచూశారు. చిన్నల్లుడు ముఖం మాడ్చుకుని వస్తే ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నారు కూడా. అతను రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆయనే వెళ్తే, గోడమీద చిన్న అట్ట వేలాడుతోంది: "ఇక్కడ కాఫీ లేదు. మూలమీద కొట్లో చాలా బాగుంటుంది."

"తీసేశా అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "నాకూ అనుమానంగానే ఉండేది, ఎవరూ చెప్పలేదు. మొన్న వచ్చినప్పుడే చెప్పాల్సింది మీరు."

విచారణగారు ఆ అట్టనే మళ్లీ చదివారు. అతను తిట్టి ఉంటే బాగుండేది. ఇంత తేలిగ్గా తీసుకోవడం తనవల్ల ఏ జన్మకీ కాదని తెలిసి, కొత్తగా దానిమీద కూడా అసూయ పట్టుకుంది.

అయినా వెళ్లడం మానలేదు. వారానికి రెండుసార్లు గోడపక్క కుర్చీలో కూర్చుని తింటున్నారు, తిన్నదానికి డబ్బు ఇచ్చేస్తున్నారు. ఒకసారి పప్పులో పులుపు ఎక్కువైందన్నారు. నిజంగానే ఎక్కువైంది. ఇంకోసారి వంకాయ గురించి ఏదో అనబోయి, అనడానికి ఏమీ లేక, లేచి చేతులు కడుక్కున్నారు. అత్తగారు చిన్నల్లుణ్ణి పొగిడితే ఇప్పటికీ మంచినీళ్లు తాగుతున్నారు. ఉప్పు మాట మాత్రం ఎత్తడం లేదు.

మొన్న ఆదివారం పొద్దున, భార్యాభర్తలిద్దరూ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. దుప్పటి ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస ఆవిడ చేతిలో.

"నీ మరిది నాకు ఉద్యోగం ఇస్తాడట," అన్నారు ఆయన ఉన్నట్టుండి. "వచ్చే ఏడాది రిటైరయ్యాక హోటల్లో పని చెయ్యమంటున్నాడు. చూశావా, ఎంత మాటన్నాడో!"

ఆవిడ దుప్పటి లాగి పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది.

"పని చెయ్యమన్నాడా? కలిసి చేద్దామన్నాడా?"

విచారణగారు కొసలు కలపడానికి ముందుకొచ్చారు. కలిపారు. మళ్లీ వెనక్కి వెళ్లి రెండో మడత పట్టుకున్నారు.

"కలిసి చేద్దామనే అన్నాడు," అన్నారు చివరికి.

"మరి మీరేమన్నారు?"

"చూద్దాంలే అన్నాను."

ఆవిడ దుప్పటి అందుకుని బీరువాలో పెట్టి, ఇంకో దుప్పటి తీసి కొస ఆయన చేతికిచ్చింది.