జీడిబట్టీ పొగ మీద వేసిన దావా

2002 జూలైలో పలాసలో ఒక సివిల్ ప్లీడరుగారి దగ్గర గుమస్తాగా చేరాను. అంతకుముందు టెక్కలిలో టైపిస్టుని. దావాకు నంబరు వేయించడం, వాయిదాలు రాసుకోవడం, నకళ్లు తీయించడం గుమస్తా పనులు. మా సీనియరు అంతటితో ఊరుకోలేదు. చేరిన వారానికే టార్టుల మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. టార్టు అంటే, మధ్యలో ఏ ఒప్పందమూ లేకపోయినా, ఎదుటివాళ్లకి చేసిన నష్టానికి సివిల్ కోర్టులో జవాబు చెప్పుకోవలసిన తప్పు.

మా ఊరు సుమ్మాదేవి నుంచి పాసింజరు రైల్లో వస్తూ పోతూ చదివేదాన్ని. అర్థమైనంత మేరకు తెలుగులో నోటు రాసుకునేదాన్ని. నేను న్యూసెన్స్, అంటే పక్కవాళ్ల పొగ, మోత లాంటివాటితో కలిగే ఇబ్బంది గురించిన అధ్యాయంలో ఉండగా దమయంతి ఆఫీసుకొచ్చింది.

ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పెరటి గోడ అవతలే జీడిపిక్కలు కాల్చే బట్టీ. దాని పొగగొట్టం ఆమె ఇంటి కప్పుకన్నా పొట్టి.

"కుట్టేముందు తెల్లగుడ్డ తడిపి ఆరేత్తానమ్మా. సాయంత్రానికి నల్లమచ్చలు పడిపోతన్నాయి, ఎంత ఉతికినా పోవు. బడోళ్లు వేరే సోట ఇచ్చేత్తామంతన్నారు. దగ్గుకైతే అలవాటు పడిపోనాను. కుట్టు పోతే ఏటి సెయ్యాల?" అంది.

ఒకనాటి చిరాకు న్యూసెన్స్ కాదు. ఇబ్బంది పెద్దదై ఉండాలి, ఆగకుండా సాగాలి, అది ప్రతివాది వల్లే అని తేలాలి. నిన్న చదివింది ఇవాళ ఎదురుగా కూర్చుంది. రోజుకొక చొక్కాగుడ్డ ముక్క తాడుకు కట్టి, సాయంత్రం విప్పి, తేదీ రాసి దాచమన్నాను. నెల తిరిగేసరికి కట్ట తయారైంది.

దావా వేసి, అది తేలేదాకా పొగ ఆపమనే ఉత్తర్వు, మధ్యంతర ఇంజంక్షన్, అడిగాం. స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు ఒక వకీలును కమిషనరుగా వేసింది. కమిషనరు వచ్చే రోజు ఇరుపక్షాలకూ ముందే తెలియాలి, అది పద్ధతి. బట్టీ యజమాని ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. పొగే లేనప్పుడు కమిషనరుగారు ఏం రాస్తారని దమయంతి నన్ను అడిగింది.

అప్పుడు ఆలోచన తట్టింది. ఈ రోజు గుడ్డ కూడా కట్టించండని కమిషనరుగారిని అడిగాను. ఆయన తన చేతులతోనే కట్టి, సాయంత్రందాకా ఉండి విప్పారు. మల్లెపువ్వులా ఉంది. పాతవాటి పక్కన పెట్టి చూసి, అన్నీ రిపోర్టుకు జతచేశారు. బట్టీ ఆగితే గుడ్డ తెల్లగా ఉంటుందని బట్టీ యజమానే రుజువు చేసిపెట్టాడు.

వాదనల రోజు అవతలి వకీలు లేచి, బట్టీ ముందునుంచీ ఉంది, ఇల్లు తరవాత కట్టింది, పొగ ఉందని తెలిసే వచ్చింది కదా అన్నారు. హాలంతా ఆ మాటకు తలూపింది. నేను నోటుబుక్కు తెరిచి, ఒక పేజీ మీద వేలుపెట్టి సీనియరుకు అందించాను. న్యూసెన్స్ ఉన్నచోటికి వాది తానుగా వచ్చినా, అది ప్రతివాదికి రక్షణ కాదని ఆ పుస్తకంలోంచి రాసుకున్నాను. సీనియరు దాన్ని పైకి చదివారు. జడ్జిగారు రాసుకున్నారు.

గొట్టం ఎత్తు పెంచేదాకా కాల్చడం ఆపాలని ఉత్తర్వు వచ్చింది. మూయమని మేము అడగలేదు, అందులో పనిచేసే ఆడవాళ్లకి అది బతుకుతెరువు. మూడు వారాల్లో కొత్త గొట్టం లేచింది. దమయంతి బడి యూనిఫారాల మూట పట్టుకొచ్చి నా బల్ల మీద విప్పింది.

"సూడమ్మా, ఒక్క సుక్క లేదు!" అంది. నేనూ ఒక్కొక్కటే తిరగేసి చూశాను.

సీనియరు మర్నాడే ఒప్పందాల చట్టం పుస్తకం బల్ల మీద పెట్టారు. వాదించేది వకీలే. కానీ ఏం రుజువు చేయాలో గుమస్తాకు ముందే తెలిసుంటే, ఆ రుజువును సంపాదించే పని కక్షిదారు గడప తొక్కిన రోజునే మొదలవుతుంది. నేను ఆ కేసులో నేర్చుకున్నది అదే.